లైపోసోములలో లోహ అయాన్లు: ఔషధాన్ని లోపలికి చేర్చి నిలిపి ఉంచే రసాయనం

ఔషధాన్ని శరీరంలో అవసరమైన చోటికి మోసుకుపోయే వాహకాలలో లైపోసోములకు అరవై ఏళ్ల చరిత్ర ఉంది. ఆ చరిత్ర ఒక వ్యవసాయ పరిశోధనా వ్యవస్థలో మొదలైందన్న విషయం మన విద్యార్థులు గుర్తుంచుకోదగినది. ఇంగ్లండులో కేంబ్రిడ్జి సమీపాన ఉన్న బాబ్రహాంలో, ఆనాటి వ్యవసాయ పరిశోధనా మండలికి చెందిన పశు శరీరధర్మ శాస్త్ర సంస్థలో అలెక్ బాంగమ్ ఫాస్ఫోలిపిడ్లపై పనిచేసేవారు. నీటిలో ఉబ్బిన ఫాస్ఫోలిపిడ్లు పొరలు పొరలుగా మూసుకుపోయి సూక్ష్మమైన తిత్తులుగా ఏర్పడుతున్నాయని 1964లో ఆయన, ఆర్.డబ్ల్యు. హార్న్ కలిసి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని చిత్రాలతో చూపారు. 1965లో స్టాండిష్, వాట్కిన్స్‌లతో కలిసి ప్రచురించిన వ్యాసంలో ఏక సంయోజక అయాన్లు ఈ పొరల గుండా ఎంత వేగంతో వ్యాపిస్తాయో కొలిచారు. అంటే లైపోసోముల శాస్త్రం తొలినాళ్లలో వేసుకున్న ప్రశ్నే అయాన్ల గురించినది.

నేడు ఆ ప్రశ్న మరింత లోతుగా మన ముందుకు వచ్చింది. లోహ అయాన్లు లైపోసోములను గుంపులుగా పేర్చి పాడుచేయగలవు. అవే అయాన్లు ఔషధాన్ని లోపలికి రప్పించి, అక్కడే నిలిపి ఉంచగలవు. ఈ రెండు ఫలితాలలో ఏది కలుగుతుందన్నది ప్రధానంగా ఆ అయాను పొరకు ఏ వైపున ఉన్నదన్న దానిపై, అక్కడ దానిని ఏ అణువు పట్టుకుని ఉన్నదన్న దానిపై ఆధారపడుతుంది. ఈ సూత్రాన్ని వివరించి, పైరుపై పిచికారీ చేసే పోషకాలకు దానిని ఎలా అన్వయించుకోవాలో సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పొర వెలుపల: కారుచౌడు నేల చెప్పే పాఠం

ఫాస్ఫోలిపిడ్ అణువుకు నీటిని కోరే తల, నీటికి దూరంగా జరిగే రెండు తోకలు ఉంటాయి. తోకలు ఎదురెదురుగా, తలలు నీటివైపుగా రెండు వరుసలు కూడితే సుమారు 5 నానోమీటర్ల మందం గల పొర ఏర్పడుతుంది. ఫాస్ఫటిడైల్ కోలిన్ తలపై ఫాస్ఫేటు ఋణావేశం, కోలిన్ ధనావేశం పరస్పరం సరిపోవడం వలన అణువు మొత్తంగా తటస్థం. ఫాస్ఫటిడైల్ సెరీన్, ఫాస్ఫటిడైల్ గ్లిసరాల్, ఫాస్ఫాటిడిక్ ఆమ్లం వంటివి ఋణావేశం కలవి. తటస్థ పొరకు కాల్షియం బలహీనంగా మాత్రమే అంటుకుంటుంది. ఋణావేశ పొరకు గట్టిగా బంధితమవుతుంది.

మృత్తికా శాస్త్రం చదివిన వారికి ఈ ప్రవర్తన కొత్త కాదు. కారుచౌడు నేలలో సోడియం అయాన్లు బంకమట్టి రేణువుల ఉపరితలంపై ఉన్నప్పుడు రేణువులు ఒకదాన్నొకటి నెట్టుకుని విడిపోతాయి. నేల నీరు ఇంకని ముద్దగా మారుతుంది. జిప్సం వేసినప్పుడు కాల్షియం సోడియం స్థానాన్ని ఆక్రమించి రేణువులను దగ్గరకు చేరుస్తుంది. ఋణావేశ లైపోసోములలోనూ ఇదే జరుగుతుంది. సోడియం తక్కువ గాఢతలో ఉన్నంతవరకు తిత్తులు విడివిడిగా తేలుతుంటాయి. కాల్షియం చేరగానే ఎదురెదురు పొరల మీది ఋణావేశాలను కలుపుతూ వంతెనగా నిలుస్తుంది. నేలలో ఈ గుంపుకట్టే గుణం రైతుకు మేలు చేస్తుంది. ఔషధపు సీసాలో అదే గుణం నష్టం కలిగిస్తుంది.

ఆవేశం సమానమైనంత మాత్రాన అయాన్ల ప్రభావం సమానం కాదు. కాల్షియం, మెగ్నీషియం రెండూ ద్వి సంయోజకాలే. అయితే మెగ్నీషియం తన చుట్టూ ఉన్న నీటి అణువులను గట్టిగా పట్టుకుని ఉంటుంది. కాల్షియం వాటిని సులువుగా వదిలి నేరుగా ఫాస్ఫేటుకు చేరువవుతుంది. అందువలన ఫాస్ఫటిడైల్ సెరీన్ తిత్తులను దగ్గరకు చేర్చడమే కాక వాటి పొరలను ఒకటిగా కలిపివేయడంలో కాల్షియం ఎక్కువ సమర్థమైనది. 1975లో పాపహజోపౌలస్ బృందం ఈ విలీనాన్ని పరిశీలిస్తూ, కాల్షియం సమక్షంలో ఫాస్ఫటిడైల్ సెరీన్ పొరలు మధ్యలోని నీటిని వెలుపలికి నెట్టి చాపచుట్టలా చుట్టుకుపోతాయని కనుగొన్నది. వీటిని కాక్లియేట్లు అంటారు. ఇ.డి.టి.ఎ. కలిపి కాల్షియంను తొలగిస్తే చుట్ట విడివడి పెద్ద తిత్తులు ఏర్పడతాయి. ఆంఫోటెరిసిన్-బి వంటి శిలీంధ్ర నాశకాన్ని నోటి ద్వారా ఇవ్వడానికి ఈ చుట్టలను వాహకాలుగా వాడే ప్రయత్నాలు రోగులపై పరీక్షల దశ వరకు వచ్చాయి.

వెలుపలి లవణాలు ఎంత ప్రమాదకరమో తెలిపే ఉదాహరణ ఆసుపత్రులలోనే ఉంది. 2021లో కోవిడ్ అనంతరం బ్లాక్ ఫంగస్ వ్యాపించినప్పుడు లైపోసోమల్ ఆంఫోటెరిసిన్-బి పేరు మన రాష్ట్రాలలో ఇంటింటా వినిపించింది. ఋణావేశం గల ఫాస్ఫటిడైల్ గ్లిసరాల్‌తో తయారయ్యే ఈ ఔషధపు పొడిని శుద్ధ జలంలోనే కలపాలనీ, పిమ్మట డెక్స్‌ట్రోజు ద్రావణంతోనే పలుచన చేయాలనీ, సెలైన్ తగలరాదనీ తయారీదారుల సూచనలు స్పష్టంగా చెబుతాయి. సెలైన్ కలిస్తే మందు అవక్షేపంగా మారే ప్రమాదముంది. సాధారణ ఉప్పునీరే ఇంత పని చేయగలిగినప్పుడు ద్వి సంయోజక అయాన్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరమని వేరుగా చెప్పనక్కరలేదు.

లోపలికి చేర్చడంలో అసలు చిక్కు

ఇక పొర లోపలి వైపు చూద్దాం. ఔషధం కరిగిన నీటిలో లిపిడ్‌ను ఉబ్బించి తిత్తులు చేస్తే, ఆ తిత్తి లోపల చిక్కిన నీటిలో ఎంత మందు ఉంటుందో అంతే మనకు దక్కుతుంది. ఒక చిన్న లెక్క దీనిని తేటపరుస్తుంది. 100 నానోమీటర్ల వ్యాసం గల లైపోసోములో పొర మందం పోగా లోపలి వ్యాసార్థం సుమారు 45 నానోమీటర్లు. దాని ఘనపరిమాణం దాదాపు 3.8 లక్షల ఘన నానోమీటర్లు. లీటరుకు 10 మిల్లీమోల్ ఔషధం గల ద్రావణమైతే ఒక్కొక్క తిత్తిలో చిక్కేది సుమారు 2,300 అణువులు మాత్రమే. పైగా తిత్తులన్నిటి లోపలి నీరు కలిపినా మొత్తం ద్రావణంలో అది కొద్ది శాతమే కనుక మిగిలిన ఖరీదైన మందంతా వెలుపలే ఉండిపోతుంది. చిక్కిన కొద్ది మందు కూడా పొర గుండా కారిపోతే రోగిని చేరేసరికి ఖాళీ తిత్తి మిగులుతుంది.

కనుక రెండు సమస్యలు పరిష్కరించాలి. మొదటిది, మందును గాఢతకు ఎదురుగా లోపలికి లాగడం. రెండవది, లోపలికి వచ్చిన మందు తిరిగి వెళ్లకుండా నిలపడం. ఈ రెండింటికీ మార్గం చూపిన మొదటి సాధనం లోహం కాదు. మనకు ఎంతో పరిచయమున్న అమ్మోనియం సల్ఫేటు.

యూరియా నష్టాన్ని తలపించే ఉపాయం

నేల పైపొరపై చల్లిన యూరియా అమ్మోనియంగా మారి, క్షార స్థితిలో అమ్మోనియా వాయువుగా ఎగిరిపోతుందని మనం రైతులకు చెబుతుంటాం. ఆవేశం గల అమ్మోనియం నిలుస్తుంది. ఆవేశం లేని అమ్మోనియా తప్పించుకుంటుంది. లైపోసోములో సరిగ్గా ఈ భేదాన్నే ఉపయోగించుకున్నారు. అమ్మోనియం సల్ఫేటు ద్రావణంలో తిత్తులను తయారుచేసి, వెలుపలి లవణాన్ని తొలగిస్తారు. లోపలి అమ్మోనియం నుంచి విడివడిన అమ్మోనియా పొర దాటి బయటికి పోతుంది. దాని వెనుక హైడ్రోజన్ అయాను లోపలే మిగిలి ఆమ్లత్వం పెరుగుతుంది. బయట ఉన్న డాక్సోరుబిసిన్ బలహీన క్షారం. దానిలో ఆవేశం లేని భాగం పొర దాటి లోపలికి వచ్చి, హైడ్రోజన్ అయానును గ్రహించి ఆవేశం పొందుతుంది. ఆవేశం గల అణువు పొరను దాటలేదు. ఉదజని సూచికలో 3 ప్రమాణాల తేడా ఉంటే, సిద్ధాంతరీత్యా లోపలి గాఢత వెలుపలికి వేయి రెట్లు కాగలదు. దీనికి తోడు సల్ఫేటుతో కలిసి ఔషధం లోపల అవక్షేపంగా గడ్డకడుతుంది.

బారెన్‌హోల్జ్ బృందం అభివృద్ధి చేసిన ఈ పద్ధతితో తయారైన డాక్సిల్‌కు అమెరికాలో 1995లో అనుమతి లభించింది. ఒక్కొక్క తిత్తిలో పదివేలకు పైగా ఔషధ అణువులు, మొత్తం మందులో 90 శాతానికి పైగా లోపలే ఉండడం దీనితో సాధ్యమైంది. 2012లో అమెరికాలో ఈ మందుకు కొరత వచ్చినప్పుడు భారతదేశంలో తయారైన లైపోసోమల్ డాక్సోరుబిసిన్ దిగుమతికి అక్కడి నియంత్రణ సంస్థ అనుమతించింది. ఈ రసాయనం మన పరిశ్రమకు బాగా అలవడినదేనని చెప్పడానికి ఈ ఉదాహరణ చాలు.

లోహం రంగప్రవేశం

ఆమ్లత్వంపై ఆధారపడిన పద్ధతికి ఒక పరిమితి ఉంది. లోపలి ఆమ్లం ఫాస్ఫోలిపిడ్ల జలవిశ్లేషణను వేగపరుస్తుంది. ఆమ్లత్వ భేదం తగ్గితే కొన్ని మందులు మళ్లీ బయటికి జారుకుంటాయి. ఇక్కడే లోహ అయాన్ల చీలేషన్ గుణం అక్కరకు వచ్చింది.

టెట్రాసైక్లిన్ మాత్రను పాలతో తీసుకోవద్దని వైద్యులు చెప్పడానికి కారణం కాల్షియం ఆ మందును బంధించి పేగు గ్రహించకుండా చేయడమే. పేగులో నష్టమైన ఈ బంధాన్ని లైపోసోములో లాభంగా మలచవచ్చు. డాక్సోరుబిసిన్, డానోరుబిసిన్ అణువులలో పక్కపక్కనే ఉన్న ఆక్సిజన్ పరమాణువులు లోహ అయానును రెండు వేళ్లతో పట్టుకున్నట్లు పట్టుకోగలవు. 1998లో చుంగ్, కల్లిస్ తదితరులు మాంగనీసు లవణాన్ని ముందుగా తిత్తి లోపల ఉంచి, డాక్సోరుబిసిన్‌ను బయట కలిపితే, ముందే ఏర్పరచిన ఆమ్లత్వ భేదం లేకుండానే మందు లోపలికి చేరి మాంగనీసుతో సంక్లిష్టంగా ఏర్పడుతుందని చూపారు. ఇందులో తర్కం సులభం. లోపలికి వచ్చిన ప్రతి స్వేచ్ఛా అణువును లోహం బంధిస్తుంది. స్వేచ్ఛా అణువుల గాఢత తక్కువగానే ఉంటుంది. అందువలన బయటి మందు లోపలికి వస్తూనే ఉంటుంది.

లోహాన్ని పరోక్షంగా వాడే పద్ధతి కూడా ఉంది. కోళ్ల దాణాలో కాక్సిడియా నివారణకు కలిపే మోనెన్సిన్ పొర గుండా సోడియంను మోసే అయాను వాహకమని పశువైద్య విద్యార్థులకు తెలుసు. ద్వి సంయోజక అయాన్లను అలా మోసే ఎ-23187 అనే అణువు, లోపలి మాంగనీసు లేక మెగ్నీషియం అయాను ఒక్కటి బయటికి తీసుకువెళ్లి, బదులుగా రెండు హైడ్రోజన్ అయాన్లను లోపలికి తెస్తుంది. బయట ఇ.డి.టి.ఎ. ఉంచితే వచ్చిన లోహాన్ని అది పట్టివేస్తుంది కనుక ఈ మారకం ఆగదు. ఆ విధంగా లోపల ఆమ్లత్వం ఏర్పడి విన్‌క్రిస్టిన్, సిప్రోఫ్లాక్సాసిన్ వంటి క్షార ఔషధాలు లోపల చేరుతాయి.

బలహీన ఆమ్లాలైన మందులకు ఇదే ఉపాయాన్ని తిరగవేయాలి. 1995లో క్లెర్క్, బారెన్‌హోల్జ్ కాల్షియం ఎసిటేటును వాడారు. తిత్తిలోని ఎసిటేటు హైడ్రోజన్ అయానును గ్రహించి ఎసిటిక్ ఆమ్లంగా పొర దాటి పోతుంది. లోపల క్షారత్వం పెరుగుతుంది. బయటి ఆమ్ల ఔషధం లోపలికి వచ్చి ఆవేశం పొంది చిక్కుకుంటుంది. బయటికి పోలేని కాల్షియం దానితో కలిసి కరగని లవణంగా మారి మరింత గట్టిగా నిలుపుతుంది.

రాగి నిలిపిన నిష్పత్తి

లోహ సంక్లిష్టాల పద్ధతి రోగిని చేరిన ప్రముఖ ఉదాహరణ వైక్సియోస్. తీవ్ర మైలాయిడ్ రక్త క్యాన్సరుకు సైటరబిన్, డానోరుబిసిన్ అనే రెండు మందులు దశాబ్దాలుగా వాడుకలో ఉన్నాయి. ఈ రెండూ 5:1 మోలార్ నిష్పత్తిలో కణాన్ని చేరితే కలిసి బాగా పనిచేస్తాయని ప్రయోగశాలలో తేలింది. అయితే విడివిడిగా రక్తంలోకి ఇచ్చినప్పుడు ఒక్కొక్కటి ఒక్కొక్క వేగంతో శరీరం నుంచి తొలగిపోయి ఆ నిష్పత్తి చెదిరిపోతుంది. రెండింటినీ ఒకే తిత్తిలో బంధించి ఒకే వేగంతో విడుదల చేయించడమే పరిష్కారం. ఇందుకు రాగి గ్లూకోనేటును లోపల ఉంచారు. లోపలి ఉదజని సూచిక తటస్థానికి దగ్గరగా ఉంటుంది. డానోరుబిసిన్‌ను లోపల నిలపడంలో రాగితో దాని బంధం కీలకం. లీటరుకు 100 మిల్లీమోల్ రాగి గల ద్రావణమైతే, పై లెక్క ప్రకారం ఒక్కొక్క తిత్తిలో సుమారు 23,000 రాగి అయాన్లు ఉంటాయి.

60 నుంచి 75 ఏళ్ల మధ్య వయసు గల 309 మంది రోగులపై జరిగిన మూడవ దశ పరీక్షలో, ఇవే రెండు మందులను మామూలు పద్ధతిలో ఇచ్చినప్పుడు మధ్యగత జీవితకాలం 5.95 నెలలు కాగా, లైపోసోమల్ రూపంలో 9.56 నెలలకు పెరిగింది. ఈ ఔషధానికి 2017 ఆగస్టులో అమెరికాలో అనుమతి వచ్చింది. ఇక్కడ కొత్త మందు అణువేదీ లేదు. పాత మందులనే సరైన నిష్పత్తిలో నిలిపి ఉంచడం వలన కలిగిన ప్రయోజనమిది. ఆ నిలకడలో ఒక సూక్ష్మ పోషక లోహానికి భాగముండడం మన వంటి వారికి ఆసక్తికరం.

ఈ ప్రయోజనానికి మూల్యం కూడా ఉంది. ఒక్కొక్క సీసాలో 100 మిల్లీగ్రాముల రాగి గ్లూకోనేటు, అంటే 14 మిల్లీగ్రాముల రాగి ఉంటుంది. శరీరంలో రాగి పేరుకుపోయే విల్సన్ వ్యాధి గలవారి విషయంలో ప్రత్యేక హెచ్చరిక ఇందువలననే. రాగి, ఇనుము వంటి లోహాలు అసంతృప్త కొవ్వు ఆమ్లాల ఆక్సీకరణాన్ని ప్రేరేపిస్తాయి కూడా. అందుకే ఇటువంటి తయారీలలో సంతృప్త ఫాస్ఫోలిపిడ్లను ఎన్నుకుంటారు. లోహం మరీ గట్టిగా పట్టుకుంటే మందు అవసరమైన చోట విడుదల కాదు. మరీ బలహీనమైతే దారిలోనే పోతుంది. మందుకూ లోహానికీ మధ్య బంధబలం తగుమాత్రంగా ఉండడం రూపకర్త నైపుణ్యానికి పరీక్ష.

ఆకుపై లైపోసోము

2018లో ఇజ్రాయెల్‌లోని టెక్నియాన్ శాస్త్రవేత్తలు మొక్కల నుంచి లభించే లిపిడ్లతో చేసిన లైపోసోములను టమాటా ఆకులపై ప్రయోగించారు. తిత్తులు ఆకులోకి చొచ్చుకుపోయి ఇతర ఆకులకు, వేళ్లకు కూడా చేరాయనీ, ఇనుము, మెగ్నీషియం నింపిన తిత్తులు మామూలు పోషక లవణాలకు లొంగని తీవ్ర లోపాన్ని సరిదిద్దాయనీ వారు ప్రకటించారు. సున్నపు నేలల్లో వేరుశనగ ఇనుప ధాతు లోపంతో పసుపుబారడం చూస్తున్న మనకు ఇది ఆశ కలిగించే విషయమే. అయితే ప్రయోగశాల నుంచి పొలానికి వచ్చేలోపు పైన చెప్పిన సూత్రాలు కొన్ని ప్రశ్నలను మన ముందు ఉంచుతాయి.

మొదటిది నీరు. సోయా లెసిథిన్‌లో ఫాస్ఫటిడైల్ కోలిన్‌తో పాటు ఋణావేశం గల ఫాస్ఫటిడైల్ ఇనోసిటాల్, ఫాస్ఫాటిడిక్ ఆమ్లం కూడా ఉంటాయి. బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియం అధికంగా ఉన్నచోట స్ప్రేయరు ట్యాంకులోనే తిత్తులు గుంపుకట్టవచ్చు. శుద్ధ జలంలో వచ్చిన ఫలితాన్ని కఠిన జలానికి వర్తింపజేయరాదు. రెండవది ట్యాంకు మిశ్రమం. జింకు సల్ఫేటు వంటి లవణాలను అదే ట్యాంకులో కలిపితే పొర వెలుపల లోహం చేరినట్లే. మూడవది నిల్వ. అసంతృప్త కొవ్వు ఆమ్లాలు గల లెసిథిన్ తిత్తిలో ఇనుము ఉంచితే ఎండవేడిమికి ఆక్సీకరణం వేగవంతం కావచ్చు.

నాలుగవది అన్నిటికంటే ముఖ్యమైనది: పోషకం నిజంగా లోపలే ఉన్నదా? లెసిథిన్ స్వయంగా ఆకుపై ద్రవం పరచుకునేలా చేయగల పదార్థం. కాబట్టి దిగుబడి పెరిగినంత మాత్రాన అది లైపోసోము ఘనతే అనలేము. పొలంలో పరీక్ష పెట్టేవారు కనీసం ఐదు చర్యలను పోల్చడం అవసరం: నీటి పిచికారీ, ఇప్పుడు సిఫారసులో ఉన్న విధంగా లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు, ఖాళీ లైపోసోము, ఖాళీ లైపోసోముకు విడిగా కలిపిన ఇనుప లవణం, ఇనుము నింపిన లైపోసోము. చివరి రెండింటిలో ఇనుము మోతాదు, లిపిడ్ మోతాదు సమానంగా ఉండాలి. ఇనుము నింపిన లైపోసోము నాలుగవ చర్యను మించినప్పుడే ఇనుమును తిత్తిలో బంధించడం వలన ప్రయోజనం కలిగిందని చెప్పగలం. అన్నభేది, నిమ్మ ఉప్పుల మిశ్రమాన్ని కూడా ఖర్చు లెక్కలోకి తీసుకుని మించినప్పుడే రైతుకు సిఫారసు చేయగలం.

దీనికి ముందు ప్రయోగశాలలో చేయవలసిన పని కూడా సులభమైనదే. నమూనాను డయాలిసిస్ ద్వారా శుద్ధిచేసి వెలుపలి లోహాన్ని తొలగించి, తిత్తులను డిటర్జెంటుతో కరిగించి లోపలి లోహాన్ని అటామిక్ అబ్జార్ప్షన్ పరికరంతో కొలవాలి. మన మృత్తికా పరీక్షా ప్రయోగశాలలలో జింకు, ఇనుము, రాగి, మాంగనీసుల అంచనాకు వాడే పరికరమే ఇందుకు సరిపోతుంది. అదే నమూనాను స్థానిక బోరు నీటిలో కలిపి, కొన్ని గంటల తరువాత ఎంత లోహం బయటికి వచ్చిందో, ద్రావణం మబ్బుగా మారిందో లేదో చూడాలి.

'లైపోసోమల్', 'నానో' అన్న పేర్లతో పోషకాలు విపణిలో కనిపించినప్పుడు విస్తరణ శాస్త్రవేత్తను రైతు అడిగేది ఒకే మాట: వాడవచ్చునా? సమాధానం చెప్పే ముందు తయారీదారును మనం మూడు విషయాలు అడగాలి. లోహంలో ఎంత భాగం తిత్తి లోపల ఉన్నది? దానిని అక్కడ ఏది పట్టి ఉంచుతున్నది? మా ఊరి నీటిలో కలిపినప్పుడు ఎంతసేపు నిలుస్తుంది? క్యాన్సరు మందుల తయారీలో ఈ ప్రశ్నలకు అంకెలతో సమాధానం లేనిదే అనుమతి లభించదు. ఎకరాకు పెట్టే ప్రతి రూపాయినీ లెక్క చూసుకునే రైతు విషయంలోనూ అదే కొలమానాన్ని పాటించడం మన బాధ్యత.